పెరుగు ముట్టని కోడలు

హేమ వేళ్లు ఇంకా విచ్చుకోలేదు.

రెండు చేతులూ మణికట్టు దగ్గర లోపలికి వంగిపోయాయి. బొటనవేళ్లు అరచేతుల్లోకి ముడుచుకుపోయాయి. మిగిలిన వేళ్లు కట్టెపుల్లల్లా నిటారుగా ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని వంటగది గోడకి చేరగిలబడి కూర్చుంది. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి రావడం లేదు.

కాసులమ్మ ఇనప తాళాల గుత్తి తెచ్చి కోడలి అరచేతిలో దూర్చాలని చూసింది. అది ఇమడక కింద పడింది. మంగళవారంనాడూ ఇలాగే పడింది.

"అత్తా, ఆ తాళాలు అవతల పెట్టు. ముందు నాతో మాటాడు," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

అతను హేమ అన్న. రాత్రి కాసులమ్మ ఫోన్లో అన్న మాటకి నిద్రపట్టక, పురుషోత్తంపూర్‌లో మొదటి బస్సెక్కి తెల్లారేసరికి బరంపురంలో దిగాడు. బడా బజార్ సందులో ఈ పెరుగంగడి వెనకున్న ఇంట్లోకి అడుగుపెట్టి పావుగంట కాలేదు. మంచినీళ్లిస్తే తీసుకోలేదు. అతనూ కాసులమ్మా గొంతులు పెంచేసరికి, మధ్యలో నిలబడి ఏడుస్తున్న హేమ చేతులు బిగుసుకుపోయాయి.

"ఫోన్లో ఏటన్నావో అది ఇప్పుడు నా ఎదర అను," అన్నాడు మళ్లీ.

"అనడానికేటి బాబూ, కళ్లెదర కనబడతన్నాది కదా! దీన్ని మూర్ఛ అనరా? ఆరేళ్లు కాపరం సేసినాక ఇప్పుడు బయటపడినాది. సంబందం మాటాడిననాడు ఒక్క ముక్క సెప్పినారా మీరు?"

"నా సెల్లికి పుట్టి బుద్దెరిగిన కాడ్నించి ఇలాటిది ఒక్కపాలి రానేదు."

"రానేదో, వస్తే దాసినారో! మాకేటి తెలుసు?"

"అమ్మా, ఊరుకో," అన్నాడు లోకనాథ్. చేతిలో పాల క్యాను అలాగే ఉంది. తల్లి వంకా చూడలేదు, బావమరిది వంకా చూడలేదు. భార్య చేతులనే చూస్తున్నాడు.

"నాను ఊరుకుంటే నిజం ఊరుకుంటాదా? పొయ్యి కాడున్నప్పుడు పడిపోతే? పిల్ల రింకిని సంకనేసుకుని మెట్లు దిగుతున్నప్పుడు పడిపోతే?"

కోపం కంటే భయమే ఎక్కువున్న మాట అది. కాని విన్నవాళ్లకి కోపమే వినబడింది.

ముందు అంగడిలోంచి హేమ మామ నీలకంఠం కేక వేశాడు. "ఏటే ఆ గోల? బేరానికొచ్చినోళ్లు నిలబడి ఇంటన్నారు!"

"అన్నా," అంది హేమ నెమ్మదిగా. "మూతి సుట్టూ సీమలు పాకినట్టున్నాది. పిక్కలు లాగేస్తన్నాయి. అత్తతో తగువెట్టుకోకు."

ఢిల్లీశ్వరరావు చెల్లెలి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆమె చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. తర్వాత లేచి, చాలా మామూలుగా అన్నాడు.

"డాక్టరు కాడికి ఎల్దాం. అందరం ఎల్దాం. మూర్ఛే అని డాక్టరు సెప్తే నా సెల్లినీ మేనకోడల్నీ ఈయాలే తీసుకెల్లిపోతాను. మిమ్మల్ని ఒక్క మాటనను. కాదని సెప్తే మట్టుకు, అత్తా, ఆ మాట నువ్వే ఎనక్కి తీసుకోవాల."

పొయ్యి మీద పాలు పొంగి మంటలో పడ్డాయి. ఇంకెప్పుడైనా అయితే కాసులమ్మ పరుగెత్తేది. ఆ రోజు కదల్లేదు.

"ఆటో తెస్తాను," అన్నాడు లోకనాథ్.

*

ఆటోలో హేమ ఎదురుగా కాసులమ్మ కూర్చుంది. రింకిని తాత దగ్గర వదిలి వచ్చారు. దారిలో హేమ వేళ్లు ఒక్కొక్కటే సడలడం మొదలెట్టాయి. సడలినకొద్దీ కాసులమ్మ గుండెలో ఇంకో భయం పట్టుకుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఏమీ లేకపోతే, తనే అబద్ధం చెప్పినట్టవుతుంది.

ఎంత విచిత్రమో. కోడలికి బాగైపోతుంటే భయపడే అత్తనయ్యానా అనుకుంది. ఆ తలపు ఆమెకే నచ్చలేదు. ముఖం బయటికి తిప్పుకుంది.

డాక్టరు పద్మిని బరంపురంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఒడియా వాళ్లతో ఒడియా, తెలుగు వాళ్లతో తెలుగు. నలభై దాటి ఉంటాయి. నలుగురూ ఒకేసారి గదిలోకి వస్తుంటే కళ్లజోడు పైనుంచి చూసి, "పేషెంటు ఎవరు? అందరూనా?" అంది.

"మా కోడలు. మూర్ఛ," అంది కాసులమ్మ.

"ఎవరు చెప్పారమ్మా?"

"నానే సెప్తన్నాను."

డాక్టరు నవ్వలేదు. హేమను దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది. "చేతులు బిగిసినప్పుడు నీకు తెలివి ఉంటోందా? చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడేది వినబడుతోందా?"

"అంతా ఇనబడతాది డాక్టరమ్మా. అత్త అన్న ప్రతి మాటా ఇనబడినాది."

కాసులమ్మ కొంగు సర్దుకుంది.

డాక్టరు బీపీ పట్టీ తీసి హేమ కుడి జబ్బకి చుట్టింది. గాలి కొట్టింది. మామూలుగా అయితే వెంటనే వదిలేస్తారు. ఈమె వదల్లేదు. గడియారం చూస్తూ అలాగే ఉంచింది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషంలో హేమ బొటనవేలు లోపలికి జరిగింది. తర్వాత మణికట్టు వంగింది. వేళ్లు నిటారుగా అయిపోయి ఒకదానికొకటి అంటుకున్నాయి. పొద్దున్న వంటింట్లో చూసిన చెయ్యే.

"ఓలమ్మో!" అంది కాసులమ్మ.

"ఆపండి డాక్టరమ్మా!" ఢిల్లీశ్వరరావు కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఇదేనా మీరు చూసింది?"

"ఇదే," అన్నాడు లోకనాథ్.

డాక్టరు పట్టీ వదిలేసింది. హేమ చెయ్యి తన చేతిలోకి తీసుకుని మెల్లగా నిమురుతూ కాసులమ్మతో అంది. "మూర్ఛైతే బీపీ పట్టీ కడితే రాదమ్మా. మనిషికి తెలివి ఉండి, పేరు పెట్టి పిలిస్తే పలుకుతూ, చేతులు మాత్రం ఇలా బిగిశాయంటే నేను ముందు రక్తంలో కాల్షియం చూస్తాను. రక్తం తీయిద్దాం. ఈలోగా నువ్వు చెప్పు హేమా. రోజూ ఏం తింటావు? పాలు?"

"తాగను."

"పెరుగు?"

"ముట్టను."

"మజ్జిగ? పఖాళ చద్దన్నంలోకి కూడానా?"

"వట్టి నీళ్లే. ఉల్లిపాయ నంజుకుంటాను."

"మీ ఇంట్లో ఎవరూ తినరా? ఏం పని చేస్తారు మీరు?"

లోకనాథ్ తలొంచుకున్నాడు. "పెరుగంగడి," అన్నాడు.

రాస్తున్న పెన్ను ఆగిపోయింది. డాక్టరు ఒక్కొక్కరి ముఖమే చూసింది. తర్వాత హేమతో, "ఎన్నాళ్లయింది మానేసి?" అంది.

"పోయిన ఠాకురాణి జాత్ర అప్పట్నుంచి. ఏడాది దాటినాది."

"ఎందుకు?"

హేమ అత్త వంక చూసింది. ఢిల్లీశ్వరరావు "సెప్పమ్మా" అన్నాడు. ఆమె కాలి బొటనవేలితో నేల రాస్తూ మొదలుపెట్టింది.

"జాత్రకి సుట్టాలొచ్చినారు. అప్పటికి రింకి ఇంకా నా పాలు తాగతన్నాది. ఒకావిడ నన్ను సూసి, మళ్లీ కడుపా అనడిగినాది. అప్పుడు అత్త..."

అక్కడ ఆగిపోయింది.

కాసులమ్మకి ఆ రోజు కళ్లకి కట్టింది. ఇంటినిండా జనం. తను గరిటె పట్టుకుని నవ్వుతూ అన్న మాట. అంతా ఘొల్లుమన్నారు. హేమ కూడా నవ్వింది. నవ్విందనే ఇన్నాళ్లూ అనుకుంది.

"నానే అన్నాను," అంది కాసులమ్మ. "పెరుగంగడి కోడలు కదా, సగం కుండ దీనికే సరిపోద్ది అన్నాను. నవ్వులాటకన్నాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మర్నాటి నుంచి మానేసినాను," అంది హేమ. "ఫోన్లో ఈడియోలో కూడా ఎవరో సెప్పినారు, పాలూ పెరుగూ మానేస్తే మూడు నెలల్లో పది కేజీలు తగ్గుద్దని."

"తగ్గిందా?"

"ఆరు కేజీలు పెరిగినాను." ఆమె ముఖం చేతుల్లో దాచుకుంది. "పెరుగు నేకపోతే అన్నం తిన్నట్టుండదు. నాలుగ్గంటలకి ఆకలేసేస్తాది. ఎవరూ సూడకుండా బిస్కెట్లు, మిచ్చరు..."

ఆ "ఎవరూ సూడకుండా" అన్న మాట దగ్గర కాసులమ్మ కుర్చీలోంచి లేచి, తలుపు తీసుకుని వరండాలోకి వెళ్లిపోయింది.

*

రక్తం ఇచ్చాక గంటన్నర కూర్చోవాలన్నారు.

వరండాలో బల్ల మీద ఒక చివర ఢిల్లీశ్వరరావు, రెండో చివర కాసులమ్మ. లోపల హేమకి మంచం ఇచ్చారు. లోకనాథ్ టీ తెచ్చాడు. ఢిల్లీశ్వరరావు గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు. మీద మీగడ కట్టింది.

లోకనాథ్ తల్లి పక్కన కూర్చున్నాడు.

"అది మానేసినాదని నాకు తెలుసమ్మా," అన్నాడు.

"తెలిసి?"

"అడగనేదు. సన్నబడదామనుకుంటన్నాదేమో, మంచిదే కదా అనుకున్నాను. రోజూ వందమందికి పెరుగు అమ్ముతాను. ఇంట్లో మనిషి ఎందుకు తినడం నేదని ఒక్కనాడు అడగనేదు."

కాసులమ్మ కొడుకు మోకాలి మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

నర్సు వచ్చి పిలిచింది. ముగ్గురూ ఒకేసారి లేచారు. నడవలో ముందు ఎవరు నడవాలో తెలియక ఒకరికొకరు అడ్డం పడ్డారు. ఢిల్లీశ్వరరావే ఆగి, "పద అత్తా" అన్నాడు.

డాక్టరు హేమ మంచం పక్కన కాగితం పట్టుకుని నిలబడి ఉంది.

"కాల్షియం బాగా పడిపోయింది. విటమిన్ డి అయితే దాదాపు లేనట్టే. ఏడాదిగా పాలు లేవు, పెరుగు లేదు, అంతకుముందు బిడ్డకి పాలిచ్చింది, ఎండ మొహం చూడదు. ఇంకో రెండు పరీక్షలు పంపాను, మెడలో ఉండే చిన్న గ్రంథులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి. అవి రేపు వస్తాయి. కాని నాకు కనబడుతున్నదైతే ఇదే. మూర్ఛ కాదు."

"కాదా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"కాదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న జబ్బు కాదు, పిల్లకి అంటుకునే జబ్బు కాదు. మందిస్తే తగ్గే జబ్బు."

అంత పెద్ద మనిషి, పొద్దున్నించి రాయిలా బిగుసుకున్నవాడు, గోడవైపు తిరిగి కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. లోకనాథ్ మంచం కమ్మీ పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. కాసులమ్మకి మాత్రం ఏడుపు రాలేదు. మంగళవారం నుంచి రొమ్ముల మధ్య ఇరుక్కున్న ఊపిరి ఒకటి, పెద్దది, బయటికి వచ్చింది. అంతే.

హేమ గుండె మీద తీగలు అతికించి, తెర మీద గీతలు చూసుకుంటూ నర్సు నరంలోకి మందు చాలా నెమ్మదిగా ఎక్కించింది. పది నిమిషాలు పట్టింది. హేమ మొదట ఒళ్లు వెచ్చగా ఉందంది. తర్వాత మూతి చుట్టూ చీమలు పోయాయంది. చివరికి రెండు చేతులూ పైకెత్తి వేళ్లు విప్పి, మూసి, మళ్లీ విప్పి చూసుకుంది. ముఖంలోకి నవ్వు వచ్చింది. ఈసారిది నిజం నవ్వు. కాసులమ్మకి ఇప్పుడు తేడా తెలుస్తోంది.

"డాక్టరమ్మా, ఒక్కటడుగుతాను," అంది హేమ. "పెరుగు మళ్లీ తింటే ఇంకా లావైపోతానా?"

డాక్టరు స్టూలు లాక్కుని కూర్చుంది.

"నువ్వు చేసింది తలకిందులు పని హేమా. వినండి, అందరూ వినండి. తిండిలో కాల్షియం చాలకపోతే ఒళ్లు ఊరుకోదు. రక్తంలో పడిపోకుండా కాయడానికి కొన్ని హార్మోన్లను ఎక్కువ వదులుతుంది. అవి ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి. అక్కడితో ఆగవు. మన కొవ్వంతా చిన్న చిన్న కణాల్లో నిలవ ఉంటుంది కదా, ఆ హార్మోన్లు ఆ కణాల్లోకి కూడా కాల్షియాన్ని తోస్తాయి. కొవ్వు కణంలో కాల్షియం పెరిగిందంటే అది కొత్త కొవ్వు తయారుచేసుకుంటుంది, ఉన్న కొవ్వును కరగనివ్వదు."

"తిండిలో తక్కువైతే కొవ్వులో ఎక్కువవుద్దా?" కాసులమ్మ ఉండబట్టలేక అడిగింది. "ఇదేటి ఇడ్డూరం!"

"విడ్డూరమే. మొదట చదివినప్పుడు నేనూ నమ్మలేదు. సరిపడా కాల్షియం తింటే ఆ హార్మోన్లు తగ్గుతాయి. కొవ్వు కరగడానికి దారి వదులుతాయి. ఇంకోటి కూడా ఉంది. కాల్షియం పేగులో కొంచెం కొవ్వును పట్టుకుని బయటికి తీసుకుపోతుంది. కొంచెమే."

"అయితే రోజూ కుండెడు పెరుగు తింటే సన్నబడిపోద్దా?" అన్నాడు లోకనాథ్. పొద్దున్నించి అతను సూటిగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

"అదిగో, అంగడి మనిషి మాట!" డాక్టరు నవ్వేసింది. "బోర్డు రాయించకు. ఈ సంగతి అందరూ ఒప్పుకున్నది కాదు. కొందరి మీద చూస్తే, తిండి తగ్గించుకుంటూనే పాలూ పెరుగూ మానని వాళ్లు ఇంకాస్త బాగా తగ్గారు. ఇంకొందరి మీద చూస్తే ఏ తేడా లేదు. బిళ్లలు మింగి సన్నబడ్డామంటే నేను నమ్మను. బరువు తగ్గాలంటే నడవాలి, ఆ మిచ్చరు పొట్లం మానాలి. కాని పెరుగు మానేస్తే తగ్గుతానన్నది మాత్రం ఉట్టి మాట. మానేసి నువ్వు పోగొట్టుకున్నది ఎముకల బలం."

"సోడంబలి తాగొచ్చా?"

"చక్కగా తాగు. సోళ్లంటే రాగులేగా, కాల్షియం బోలెడు. మజ్జిగ కలుపుకుని తాగు. పొద్దున్న పూట పిల్లనెత్తుకుని కాసేపు ఎండలో తిరుగు."

డాక్టరు లేచి, తలుపు దాకా వెళ్లి ఆగింది.

"ఒకటి మర్చిపోయాను. గట్టిగా ఏడ్చినప్పుడూ, ఊపిరి గబగబా తీసుకున్నప్పుడూ ఈ బిగుసుకుపోవడం తొందరగా వస్తుంది. ఈ పొద్దున్న ఇంట్లో ఏం జరిగిందో నేనడగను. మొదట వచ్చిందన్న మంగళవారం ఏం జరిగిందో కూడా అడగను. కాని రెండు మూడు వారాలు ఈ అమ్మాయిని ఏడిపించకండి."

ఆమె వెళ్లిపోయింది. మంగళవారం ఏం జరిగిందో గదిలో ఇద్దరికి తెలుసు. జాకెట్టు బిగుతైపోయిందని హేమ కుట్టు విప్పుకుంటుంటే, "ఇంకెన్నిసార్లు ఇప్పుతావు, కొత్త తాను కొనుక్కో" అంది కాసులమ్మ. ఆ మాటకే హేమ పెరట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి చేతులు బిగుసుకుపోయాయి.

కాసులమ్మ ఢిల్లీశ్వరరావు ముందుకి వచ్చి నిలబడింది.

"బాబూ, మీరు దాసింది ఏటీ నేదు. ఆ మాట నాది తప్పు. ఎనక్కి తీసుకుంటన్నాను."

అప్పటికి అతని కళ్లు ఆరాయి. "నాతో కాదత్తా," అన్నాడు. "అది ఇనాల."

కాసులమ్మ మంచం వైపు తిరిగింది. హేమ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోయిందో, వినకూడదనుకుందో తెలియలేదు.

అంతలో లోకనాథ్ ఫోన్ మోగింది. అవతల నీలకంఠం. గొంతు గదంతా వినబడింది. "ఏటన్నారురా? నాయనా, ఏటన్నారు?"

"మూర్ఛ కాదు నానా. ఒంట్లో కాల్షియం తగ్గిపోనాదంట. మందిచ్చినారు. బాగున్నాది."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "రింకి అన్నం తిన్నాది," అన్నాడు నీలకంఠం. "పెరుగన్నం. మీయమ్మతో సెప్పు, అంగడి మూసేసి ఒస్తన్నాను. ఎవడికి కావాల ఈయాల బేరం."

లోకనాథ్ నవ్వాడు. ఢిల్లీశ్వరరావు కూడా నవ్వాడు. "బావా, ఇద్దరం ఎల్లి వేడి టీ తాగొద్దామా" అన్నాడు. కాని తలుపు వైపు కదిలినవాడు మళ్లీ ఆగాడు. ఏదో అడగాలా వద్దా అన్నట్టు కాసులమ్మ వంక చూశాడు.

"అత్తా, ఇప్పుడడగొచ్చో కూడదో. జగ్గమ్మత్త నిన్న నాకు ఫోన్ సేసినాది. సాయిపద్మ పెళ్లికి ముహూర్తం ఇప్పుడే పెట్టించొద్దు, ఆగండి అన్నాది. ఎందుకని అడిగితే సెప్పనేదు."

సాయిపద్మ హేమ చెల్లెలు. జగ్గమ్మ కాసులమ్మ చెల్లెలు. జగ్గమ్మ కొడుకు సాయిరామ్‌కి ఆ పిల్లనిస్తే బాగుంటుందని రెండిళ్ల మధ్యా తిరిగి సంబంధం కుదిర్చింది కాసులమ్మే.

హేమ కళ్లు తెరిచింది.

కాసులమ్మే బుధవారంనాడు మనసు ఆగక చెల్లెలికి ఫోన్ చేసింది. గంటసేపు ఏడ్చింది. ఆళ్లింట్లో మూర్ఛ రోగం ఉందే జగ్గూ, మనకి దాచిపెట్టినారే అంది. ఆ భయంలో, ఆ ఇంటి రెండో పిల్ల తన చెల్లెలింటికి కోడలుగా వెళ్లబోతోందన్నది తట్టలేదు. తట్టిందేమో. ఇప్పుడు ఆలోచిస్తే తెలియడం లేదు.

"అత్తా," అంది హేమ. గొంతు మెత్తగానే ఉంది. "ఆ మాట జగ్గమ్మ పిన్నితో కూడా సెప్పినావా?"

అబద్ధం ఆడడానికి వీలుంది. జగ్గమ్మ నోరు కట్టెయ్యొచ్చు. ఏదో ఒకటి చెప్పి ముహూర్తం పెట్టించెయ్యొచ్చు. ఎవరికీ తెలియదు. కాసులమ్మ ఆ దారంతా ఒక్క క్షణంలో నడిచి చూసి వచ్చింది.

"సెప్పినాను," అంది.

ఢిల్లీశ్వరరావు కిటికీ దగ్గరికి పోయాడు. లోకనాథ్ "అమ్మా..." అని ఆగిపోయాడు.

"ఫోన్ ఇలాగియ్యరా," అంది కాసులమ్మ కొడుకుతో. "జగ్గమ్మకి కలుపు. అందరికీ ఇనబడేలాగ పెట్టు."

గోపాల్‌పూర్‌లో ఫోన్ చాలాసేపు మోగింది.

"ఏటక్కా?" అంది జగ్గమ్మ. వెనక గిన్నెల చప్పుడు. "కోడలికి మళ్లీ ఒచ్చినాదా?"

"జగ్గూ, అది మూర్ఛ కాదే. డాక్టరమ్మ సూసినాది. రక్తం సూసినాది. పాలూ పెరుగూ మానేసినాది కదా, కాల్షియం పడిపోయి సేతులు బిగిసినాయంట. మందెక్కించినారు. ఇదిగో, నా ఎదరే ఏళ్లు కదుపుతన్నాది. ఆళ్లింట్లో ఏ రోగమూ నేదు. నాను నీతో అన్నది అబద్ధం."

గిన్నెల చప్పుడు ఆగింది.

"అక్కా, నాకేటో సంతోసంగానే ఉన్నాది. కాని మీ మరిదిగారు నమ్ముతారా? సంబందం కుదిర్సినోళ్లు కాబట్టి పెళ్లి సెడకుండా మాట మారుస్తన్నారు అంటారు. మొన్న నువ్వేడిసిన ఏడుపు ఆయన కూడా ఇన్నారు."

"నమ్మకపోతే రమ్మను. డాక్టరమ్మనే అడగమను."

"డాక్టరమ్మ సంగతి తర్వాత. ఆయన నిన్నడుగుతారు. తెలీని రోగం ఆళ్ల మీద ఎందుకేసినావని అడుగుతారు. కోడలు పెరుగెందుకు మానేసినాదని అడుగుతారు. ఆ పిల్ల ముందు, ఆ పిల్ల అన్న ముందు, ఉన్నదున్నట్టు సెప్తావా?"

కాసులమ్మ ఏభై ఎనిమిదేళ్ల మనిషి. ఇంటికి పెద్ద కూతురు. చెల్లెలి మొగుడి ముందు ఇంతవరకూ తల దించి ఎరగదు.

"సెప్తాను," అంది. "రమ్మను. నువ్వూ రా. సాయిరామ్‌నీ తీసుకురా."

"ఒంటిగంట బస్సుకి బయల్దేరతాం," అంది జగ్గమ్మ. ఫోన్ పెట్టేసింది.

వాళ్లు వచ్చి ఏమంటారో, సంబంధం నిలుస్తుందో లేదో అక్కడున్న నలుగురిలో ఎవరికీ తెలియదు. కాసులమ్మ ఫోన్ కొడుక్కిచ్చేసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడింది.

హేమ మంచం మీద కాళ్లు ఒక పక్కకి జరుపుకుంది. తీగలు లాగకుండా మెల్లగా పక్కకి ఒత్తిగిలి, దుప్పటి అంచు సర్ది చోటు చేసింది.

"పొద్దున్నించి నిలబడే ఉన్నావు," అంది. "కూకో అత్తా."

కాసులమ్మ మంచం అంచున కూర్చుంది. గోపాల్‌పూర్ బస్సు రావడానికి ఇంకా గంటన్నర టైముంది.